‘భయం జన్యువు’ అనే అబద్ధం

ప్యానిక్ అటాక్‌ల గురించి చదువుకున్నవాళ్ల నోట ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. పైకి శాస్త్రీయంగా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. "ఇది జన్యువుల్లో ఉన్న జబ్బు. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు రాక తప్పదు. డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ముందే తెలిసిపోతుంది. ఒకసారి వచ్చిందా, జీవితాంతం మాత్రలే గతి. అలాంటి ఇంటితో సంబంధం కలుపుకోకపోవడమే మంచిది." ఈ అయిదు మాటల్లో మొదటిది సగం నిజం. మిగతా నాలుగూ తప్పు. ఆ సగం నిజాన్ని ఆసరా చేసుకునే నాలుగు తప్పులూ నిలబడ్డాయి. అందుకే ముందు దాని సంగతి తేల్చాలి.

ప్యానిక్ డిజార్డర్‌లో వంశపారంపర్యం ఉంది. ఈ మాట దాచనక్కరలేదు. 2001లో జాన్ హెట్టెమా, మైఖేల్ నీల్, కెన్నెత్ కెండ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన నికరమైన కుటుంబ అధ్యయనాలను, కవలల అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ప్యానిక్ ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి అదే జబ్బు కనిపించింది. ఆ చరిత్ర లేని కుటుంబాల్లో నూటికి ఇద్దరికి కనిపించింది. కవలల లెక్కల ప్రకారం ప్యానిక్‌కు వంశపారంపర్యత 43 శాతం దాకా తేలింది. జీఏడీ అని డాక్టర్లు పిలిచే ఎడతెగని ఆందోళన జబ్బుకు 32 శాతం దాకా తేలింది.

"అదంతా మనసు బలహీనత, గుండె ధైర్యం ఉంటే ఏమీ కాదు" అని కొట్టిపారేసేవాళ్లకు ఈ అంకెలే జవాబు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, చేతులు తిమ్మిరెక్కి, ఈ క్షణమే ప్రాణం పోతోందనిపించి అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తిన మనిషి నటించడం లేదు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలన్నీ సవ్యంగా ఉన్నాయని తెలిశాక "గ్యాస్ ఏమోలే" అని ఇంటికి పంపేస్తే, ఆ మనిషి ఇంకో అటాక్ ఎప్పుడొస్తుందోనన్న భయంతో బస్సెక్కడం మానేస్తాడు, ఒంటరిగా బయటికి వెళ్లడం మానేస్తాడు. ఇది జబ్బే. దీని వెనుక శరీరం ఉంది, అందులో జన్యువుల పాత్రా ఉంది. నా అభ్యంతరం ఇక్కడి నుంచి "రాక తప్పదు" అనే తీర్పుకు దూకే చోట.

నూటికి పది అన్న అంకెను తిప్పి చదవండి. ప్యానిక్ ఉన్న మనిషి దగ్గరి రక్తసంబంధీకుల్లో నూటికి తొంభై మందికి అది రాలేదు. "రాక తప్పదు" అనేవాళ్లు ఈ తొంభై మందిని చూడరు. పైగా ఆ పదిలో అంతా జన్యువుల పనే అనుకోవడానికీ లేదు, ఎందుకంటే ఒకే ఇంట్లో పెరిగినవాళ్లు జన్యువులతో పాటు ఇల్లు, అలవాట్లు, కష్టాలు కూడా పంచుకుంటారు.

ఇక ఆ 43 శాతం. దీన్ని అపార్థం చేసుకున్నంతగా మరే అంకెనూ చేసుకోరేమో. ఒక మనిషికి వచ్చిన జబ్బులో 43 పాళ్లు జన్యువుల నుంచి, మిగతా 57 పాళ్లు పరిస్థితుల నుంచి వచ్చాయని దానర్థం కాదు. జబ్బున్నవారి పిల్లల్లో 43 శాతం మందికి వస్తుందని అంతకన్నా కాదు. ఒక జనాభాలో, ఒక కాలంలో, ఈ జబ్బు వచ్చే అవకాశం మనిషికీ మనిషికీ వేరువేరుగా ఉంటుంది. ఆ తేడాల్లో ఎంత భాగం వాళ్ల జన్యువుల మధ్య ఉన్న తేడాలతో ముడిపడి ఉందో ఆ అంకె చెబుతుంది. జనం మారితే, బతుకు పరిస్థితులు మారితే అంకె కూడా మారుతుంది. ఫలానా వ్యక్తికి ఏమవుతుందో అది చెప్పలేదు. చెప్పడం దాని పని కూడా కాదు.

ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒకటే. 1983లో నార్వేకు చెందిన స్వెన్ టోర్గర్సన్ ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి కవలల్లో ఒకరికి ప్యానిక్ ఉంటే రెండోవారికీ ఉన్నది 31 శాతం జంటల్లోనే. జంటల సంఖ్య చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాతి పెద్ద అధ్యయనాలు కూడా నూటికి నూరు దరిదాపులకు రాలేదు. జన్యువులే రాత అయితే, ఒకే రాత ఉన్న ఇద్దరిలో ఒకరు ఎలా తప్పించుకుంటున్నారు?

వంశపారంపర్యత ఎక్కువైతే మార్చలేమన్న నమ్మకం కూడా నిలవదు. మనిషి ఎత్తుకు వంశపారంపర్యత 80 శాతం దాకా ఉంటుంది, ప్యానిక్‌కు ఉన్నదానికి ఇంచుమించు రెట్టింపు. అయినా 1914 నుంచి 2014 వరకు, నూరేళ్లలో, దక్షిణ కొరియా స్త్రీల సగటు ఎత్తు 20 సెంటీమీటర్లు పెరిగింది. ఒక జాతి జన్యువులు నూరేళ్లలో అంతలా మారిపోవు. మారినవి తిండి, వైద్యం, చిన్నప్పటి ఆరోగ్యం.

"ముందే తెలిపే పరీక్ష" అన్న మాటకు వద్దాం. ఉమ్మి నమూనా తీసుకుని ఒత్తిడిని తట్టుకునే శక్తి ఎంతో చెబుతామనే ప్రకటనలకు మూలం 1996 నాటిది. సెరొటోనిన్ అనే రసాయనాన్ని నాడీకణం తిరిగి లోపలికి లాక్కోవడానికి ఒక ప్రోటీన్ కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉంది. దాన్ని నడిపించే ముందరి భాగంలో కొందరికి 44 డీఎన్‌ఏ అక్షరాలు తక్కువగా ఉంటాయి. అది పొట్టి రూపం. అవి ఉంటే పొడుగు రూపం. క్లాస్-పీటర్ లెష్ బృందం 505 మందిని పరిశీలించి, పొట్టి రూపం ఉన్నవారిలో ఆందోళన స్వభావం కాస్త ఎక్కువగా ఉందని సైన్స్ పత్రికలో రాసింది. మనుషుల మధ్య ఆ స్వభావంలో కనిపించే తేడాలో ఈ రూపం వాటా 3 నుంచి 4 శాతమేనని ఆ వ్యాసంలోనే ఉంది. లోకానికి ఆ జాగ్రత్త పట్టలేదు, దాన్ని ఆందోళన జన్యువుగా చాటింది. 2003లో అవ్‌షలోమ్ కాస్పీ, టెర్రీ మోఫిట్ బృందం న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 847 మందిని పరిశీలించి, పొట్టి రూపం ఉన్నవాళ్లు కష్టాలు వచ్చినప్పుడు ఎక్కువగా కుంగుబాటుకు లోనవుతున్నారని రాశాక ఆ జన్యువు పేరు మారుమోగిపోయింది. వందల వ్యాసాలు వచ్చాయి.

తర్వాత ఏమైందో ప్రకటనల్లో కనిపించదు. 2009లో నీల్ రిష్ తదితరులు 14 అధ్యయనాలు, 14,250 మంది సమాచారం కలిపి చూశారు. జీవితంలో తగిలిన దెబ్బలకూ కుంగుబాటుకూ సంబంధం స్పష్టంగా కనిపించింది. పొట్టి రూపానికి దానితో ఏ సంబంధమూ కనిపించలేదు. 2019లో రిచర్డ్ బోర్డర్ బృందం, అప్పటిదాకా కుంగుబాటుకు కారణమని పేరుపడ్డ 18 జన్యువులను లక్షల మంది సమాచారంతో పరీక్షించింది. ఈ జన్యువు కూడా అందులో ఉంది. యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఏ ఇతర జన్యువుల కన్నా అవి మెరుగ్గా లేవని తేలింది. ఇంకో సంగతి. ఈ పొట్టి రూపం ఐరోపా జనంలో కన్నా జపాన్‌లో చాలా ఎక్కువ. అక్కడ ఈ జన్యువు ప్రతి పది ప్రతుల్లో ఎనిమిది పొట్టివే. అయినా ఆందోళన జబ్బుల సర్వేల్లో జపాన్ అంకెలు అమెరికా అంకెల కన్నా బాగా తక్కువ. సర్వేలు అన్ని సమాజాల్లోనూ ఒకే తీరుగా కొలవవు కాబట్టి దీన్నొక్కదాన్నే రుజువుగా చూపను. కానీ పొట్టి రూపం నిజంగా భయానికి బీజమైతే ఆ దేశం అలా ఉండకూడదు.

ఇది ఒక్క ఉదాహరణే అయితే పొరపాటు అనుకోవచ్చు. 2001లో బార్సిలోనా పరిశోధకులు ప్యానిక్ ఉన్న స్పెయిన్ కుటుంబాలను పరీక్షించి, 15వ క్రోమోజోమ్‌లో ఒక పెద్ద ముక్క రెండుసార్లు ఉండటం జబ్బున్నవారిలో అత్యధికుల్లో కనిపించిందని, మామూలు జనంలో 7 శాతం మందిలోనే ఉందని సెల్ పత్రికలో ప్రకటించారు. దానికి డప్25 అని పేరు పెట్టారు. ఇంత పెద్ద తేడా చూసి ఇక మూలం దొరికినట్టేనని పత్రికలు రాశాయి. రెండు మూడేళ్లలో ఇతర దేశాల ప్రయోగశాలలు తమ దగ్గరి నమూనాల్లో వెతికితే అది ఎక్కడా కనిపించలేదు. దొరికిందన్న వార్త మొదటి పేజీకెక్కింది. దొరకలేదన్న వార్తను చదివింది ఆ రంగంలో పనిచేసేవాళ్లే. "భయం జన్యువు దొరికింది కదా" అని ఇప్పటికీ అనేవాళ్లు ఆ మొదటి వార్త దగ్గరే ఆగిపోయారు.

నిజంగా దొరికింది ఏమిటి? ఒక జన్యువును ముందే అనుమానించి దాని వెంట పడే పద్ధతి వదిలేసి, డీఎన్‌ఏ అంతటా లక్షల చోట్ల ఒకేసారి చూసే పద్ధతి వచ్చింది. ఆండ్రియాస్ ఫోర్స్ట్‌నర్ తదితరులు డెన్మార్క్, ఎస్తోనియా, జర్మనీ, స్వీడన్‌ల నుంచి 2,248 మంది ప్యానిక్ రోగులను, 7,992 మంది ఇతరులను తీసుకుని అలా వెతికారు. గట్టి రుజువు అనదగ్గ ఒక్క చోటు కూడా దొరకలేదు. అయినా అన్ని చోట్ల చిన్న చిన్న ప్రభావాలనూ కలిపితే వంశపారంపర్యత మాత్రం స్పష్టంగా కనిపించింది. తర్వాత ఆందోళన జబ్బులన్నిటినీ ఒక్కటిగా తీసుకుని, 1,22,341 మంది రోగులతో, ఏడు లక్షలకు పైగా ఇతరులతో పోల్చిన అంతర్జాతీయ పరిశోధనలో 58 చోట్లు తేలాయి. ఒక్కొక్కటీ జబ్బు అవకాశాన్ని ఎంతో కొద్దిగా మాత్రమే అటో ఇటో జరుపుతుంది. అవన్నీ ఆందోళనకు ప్రత్యేకమైనవి కూడా కావు. చాలా వరకు కుంగుబాటుతోనూ, త్వరగా కలతపడే స్వభావంతోనూ పంచుకున్నవే. అవి ఏదో ఒక మోతాదులో లేని మనిషి ఉండడు. నాలోనూ ఉంటాయి, ఇది చదివేవారిలోనూ ఉంటాయి.

ఒక జన్యువు నిజంగా నిర్ణయించే జబ్బు ఎలా ఉంటుందో తెలుగువారికి దగ్గరి ఉదాహరణే ఉంది. 2017లో నేచర్ జెనెటిక్స్‌లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియా సమాజాల మీద ఒక పరిశోధన ప్రచురించాయి. తరతరాలుగా సొంత వర్గంలోనే పెళ్లిళ్లు జరిగిన వైశ్య సమాజంలో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం మిగతా జనం కన్నా సుమారు వంద రెట్లు ఎక్కువని అందులో ప్రస్తావించారు. ఆ లోపం ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో కండరాలు సడలించే ఒక మందు ఇస్తే దాని ప్రభావం నిమిషాల్లో దిగిపోవాల్సింది గంటల తరబడి ఉండిపోతుంది, వాళ్లంతట వాళ్లు ఊపిరి తీసుకోలేరు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే ఆ మందు వాడరు. అక్కడ ఒక జన్యువు, ఒక ఎంజైమ్, ఒక మందు, తప్పించుకునే మార్గం, అన్నీ ఒక గీత మీద ఉన్నాయి. అందుకే అక్కడ పరీక్షకు విలువ ఉంది. ప్యానిక్‌లో ఆ గీతే లేదు. దాన్ని దీనితో కలిపి "జన్యు పరీక్ష" అనే ఒకే పేరుతో అమ్మడం మోసం.

అన్ని చోట్ల ప్రభావాలనూ కూడి ఒక స్కోరు ఇస్తామనేవాళ్లూ ఉన్నారు. ఆ కూడిక దాదాపు పూర్తిగా ఐరోపా మూలాలున్నవారి సమాచారంతో తయారైంది. 2019లో అలీసియా మార్టిన్ తదితరులు రకరకాల శారీరక లక్షణాల మీద చూస్తే, అలాంటి స్కోర్ల కచ్చితత్వం దక్షిణాసియా వారిలో సగటున 37 శాతం తగ్గిపోయింది. ఐరోపావారిలోనే ఒక వ్యక్తి భవిష్యత్తు చెప్పలేని స్కోరును విజయవాడలోనో వరంగల్‌లోనో ఇరవయ్యేళ్ల పిల్ల చేతికి నివేదికగా ఇస్తే, అది ఆ పిల్లకు కొత్త భయం తప్ప మరేమీ ఇవ్వదు. గుండె వేగంగా కొట్టుకున్న ప్రతిసారీ "అదిగో, నా జన్యువు" అనుకునే స్థితికి తోస్తుంది. ప్యానిక్ పెరిగేది సరిగ్గా అలాంటి ఆలోచన మీదే.

జన్యువు నుంచి మెదడులోని భయకేంద్రానికి, అక్కడి నుంచి ప్యానిక్‌కు తిన్నగా దారి ఉందనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. శాస్త్ర పత్రికల్లో ఎస్.ఎమ్. అనే పొడి అక్షరాలతో పేర్కొనే ఒక అమెరికన్ స్త్రీకి ఉర్బాక్-వీటే అనే అరుదైన జబ్బు ఉంది. అది ఒకే ఒక్క జన్యువు లోపంతో వచ్చేది. దానివల్ల ఆమె మెదడులో భయానికి కేంద్రమని చెప్పే అమిగ్డలా రెండువైపులా పాడైపోయింది. పాముల్ని చేత్తో పట్టుకుంటుంది, దెయ్యాల కొంప అని పేరున్నచోట నవ్వుతూ తిరుగుతుంది. ఇక ఆమెకు ప్యానిక్ రానే రాదనే అనుకుంటాం. 2013లో జస్టిన్ ఫైన్‌స్టీన్, జాన్ వెమ్మీ బృందం ఆమె చేత 35 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలి ఒక్క గుక్క పీల్పించింది. ఆమె మాస్కు పీకేసుకుని, సాయం కోసం కేకలేసి, చచ్చిపోతున్నాననుకుంది. అదే జబ్బున్న కవల అక్కాచెల్లెళ్లిద్దరికీ అలాగే జరిగింది. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్లో కొద్దిమందికే అలా అయింది.

దీన్నుంచి నేను ఎక్కువ లాగదలచుకోలేదు. ప్రయోగంలో ఉన్నది ముగ్గురే. కానీ ప్యానిక్ బయటి ప్రమాదం నుంచే కాదు, లోపలి నుంచి, ఊపిరి నుంచి, రక్తంలో ఆమ్లం కాస్త పెరగడం నుంచి కూడా లేవగలదని ఇది చూపింది. ఊపిరాడటం లేదని శరీరం తప్పుడు హెచ్చరిక మోగించడమే ప్యానిక్ అని డొనాల్డ్ క్లీన్ 1993లోనే ప్రతిపాదించాడు. అంతకుముందు 1986లో డేవిడ్ క్లార్క్ ఇంకో మాట అన్నాడు. శరీరంలో వచ్చే మామూలు మార్పును, దడనో తల తిరగడాన్నో, ముంచుకొచ్చే మరణంగా అర్థం చేసుకోవడంతో భయం పెరుగుతుంది. భయంతో దడ ఇంకా పెరుగుతుంది. ఆ సుడి అలా బిగుసుకుంటూ పోతుంది. హెచ్చరిక గంట కొందరిలో త్వరగా మోగడానికి జన్యువులు కొంత కారణం కావచ్చు. దాన్ని ఏమని అర్థం చేసుకోవాలో మాత్రం నేర్చుకోవచ్చు.

చికిత్స నిలబడ్డది ఈ నేర్పు మీదే. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో రోగి చేత కావాలనే మెట్లు ఎక్కిస్తారు, కుర్చీలో గిరగిరా తిప్పుతారు, సన్నని గొట్టంతో ఊపిరి పీల్పిస్తారు. దడ వస్తుంది, తల తిరుగుతుంది, ప్రాణం పోదు. ఇలా వారాల తరబడి చేస్తే శరీరం పంపే సంకేతానికి పాత అర్థం ఊడిపోతుంది. దీని కోసం జన్యువులను ఎవరూ ముట్టుకోనక్కరలేదు. మందులూ పనిచేస్తాయి. ఎస్ఎస్ఆర్ఐ రకం మాత్రలు పనిలోకి రావడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గాక ఏడాది దాకా వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపేసేవాళ్లు చాలామంది. కొందరికి ఎక్కువకాలం అవసరమవుతుంది. అది జబ్బు తీరును బట్టి తప్ప జన్యువుల తీర్పును బట్టి కాదు. "జీవితాంతం" అన్న మాట నమ్మి చాలామంది ఆల్ప్రజోలం అలవాటు చేసుకుంటున్నారు, అది మొదటి మందు కాకపోయినా. త్వరగా నెమ్మది ఇస్తుంది, త్వరగానే బానిసను చేస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఎంతమంది వణుకుతూ వచ్చారో చూసినవాళ్లు మరచిపోరు.

ఇక పెళ్లి సంబంధాలు. ఈ వాదనలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసే అలవాటుకు ఇప్పుడు "జెనెటిక్స్" అనే కొత్త పేరు తగిలించారు. ఆ భయంతో ఎంతోమంది ఆడపిల్లల చేత నిశ్చితార్థానికి ముందే మాత్రలు మాన్పిస్తున్నారు. సగంలో ఆపేసిన మందు, కొత్త ఇల్లు, దాచిన రహస్యం, ఈ మూడూ కలిశాక అటాక్‌లు తిరగబెడితే "చూశారా, వంశంలోనే ఉంది" అంటారు. మన చట్టమూ ఒకప్పుడు ఇలాంటి తప్పే చేసింది. 1976లో హిందూ వివాహ చట్టాన్ని సవరించి, పదేపదే మూర్ఛ వచ్చేవారిని పెళ్లికి అనర్హుల్లో చేర్చారు. మూర్ఛ చికిత్సకు లొంగే జబ్బేనని, ఆ మాటకు శాస్త్రీయమైన ఆధారం లేదని డాక్టర్లు, రోగుల సంఘాలు పోరాడాక 1999లో దాన్ని తీసేశారు. ప్యానిక్ ఉన్నవారి మీద ఏ చట్టమూ పెట్టని ఆంక్షను మనమే ఇళ్లల్లో నడుపుతున్నాం.

తల్లిదండ్రుల ఆందోళన పిల్లలకు చేరుతుందన్న మాట నిజమే. ఎలా చేరుతుందన్నదే ప్రశ్న. 2015లో థాలియా ఈలీ బృందం స్వీడన్‌లోని కవలల కుటుంబాలను పరిశీలించింది. తల్లికి ఆమెతో పాటు ఒకే అండం నుంచి పుట్టిన కవల సోదరి ఉంటే, పిల్లకు ఆ పిన్ని జన్యుపరంగా తల్లితో సమానమే. ఆందోళన చేరేది జన్యువుల ద్వారానే అయితే పిల్లలో ఆందోళన తల్లితో ఎంత సరిపోలుతుందో పిన్నితోనూ అంతే సరిపోలాలి. అలా జరగలేదు. కౌమారంలో ఉన్న ఆ పిల్లల ఆందోళన తాము కలిసి బతికే తల్లిదండ్రుల ఆందోళనతోనే ముడిపడి ఉంది. చేరిన దారి ఇల్లు.

దారి ఇల్లే అయితే అక్కడ పని చేయవచ్చు. అమెరికాలో గోల్డా గిన్స్‌బర్గ్ బృందం అదే చేసింది. ఆందోళన జబ్బున్న తల్లి లేదా తండ్రి, 6 నుంచి 13 ఏళ్ల పిల్లలు ఉన్న 136 కుటుంబాలను తీసుకుంది. కొన్ని కుటుంబాలకు ఎనిమిది వారాల పాటు శిక్షణ ఇచ్చింది. పిల్లవాడు భయపడ్డ ప్రతిదాన్నుంచీ వాడిని తప్పించేయకుండా కొంచెం కొంచెంగా ఎదుర్కోనివ్వడం, తమ భయాన్ని పిల్లల ముందు ఎలా మాట్లాడుతున్నారో గమనించుకోవడం, సమస్యను కూర్చుని విడగొట్టి పరిష్కరించుకోవడం నేర్పింది. ఏడాది తర్వాత చూస్తే, శిక్షణ లేని కుటుంబాల పిల్లల్లో 31 శాతం మందికి ఆందోళన జబ్బు వచ్చింది. శిక్షణ పొందిన కుటుంబాల్లో పది శాతం లోపే. మన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఇలాంటిది మొదలుపెట్టడానికి డీఎన్‌ఏ యంత్రాలు అక్కరలేదు. శిక్షణ ఉన్న కౌన్సెలర్లు కావాలి, తెలుగులో తయారైన పాఠం కావాలి, ప్యానిక్ అని తేలిన ప్రతి తల్లినీ తండ్రినీ "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" అని అడిగే డాక్టరు కావాలి.